చిన్న పరిశ్రమ కర్బన లెక్క: బిల్లుల్లో ఎంత, హామీల్లో ఎంత

బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో పాతిక ముప్ఫై మందితో నడిచే మెషిన్ షాపు యజమానికి ఇప్పుడు పెద్ద కంపెనీల నుంచి కొత్త రకం ప్రశ్నలు వస్తున్నాయి. ధర, డెలివరీ తేదీ, క్వాలిటీ సర్టిఫికెట్ అడిగే పత్రంలోనే మరో రెండు గడులు చేరాయి. మీ యూనిట్ ఏడాదికి ఎన్ని టన్నుల కర్బన ఉద్గారాలు వదులుతోంది? వాటిని ఎప్పటికి, ఎంత తగ్గిస్తారు? ఖాళీగా వదిలేస్తే ఆర్డరు చేజారుతుందేమోనని భయం. నింపుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. చివరికి కన్సల్టెంటు ఇచ్చిన అంకె ఒకటి రాసి, దాని కింద ‘2050 నాటికి నికర సున్నా’ అని చేర్చి సంతకం పెడతారు. ఆ కాగితాన్ని అడిగినవాడూ నమ్మడు, రాసినవాడూ నమ్మడు.

నమ్మదగిన కాగితం రాయడం సాధ్యమే. చిన్న తయారీదారు సొంత ఉద్గారాలు కొలవడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. వాటికి కావలసిన ఆధారాలన్నీ ఆ షెడ్డు బీరువాలో బిల్లుల రూపంలో ఉంటాయి. హామీ దగ్గరకొచ్చేసరికే తేడాలు బయటపడతాయి. తన అదుపులో ఉన్న మోటార్లు, కంప్రెసర్లు, స్క్రాప్ గురించి అంకెలతో చేసిన చిన్న హామీని నేను పాతికేళ్ల తర్వాతి సంవత్సరం పేరు చెప్పి చేసిన పెద్ద హామీ కంటే ఎక్కువగా గౌరవిస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు లెక్క ఎలా వేస్తారో చూడాలి.

లెక్క ఎక్కడ మొదలవుతుంది

ప్రపంచమంతా వాడుతున్న పద్ధతికి మూలం గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రొటోకాల్. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ కలిసి 2001లో దీన్ని తెచ్చాయి, 2004లో సవరించాయి. ఐఎస్ఓ 14064 ప్రమాణం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. ఉద్గారాలను ఇది మూడు వాటాలుగా విడగొడుతుంది. యూనిట్‌లోనే కాలే డీజిల్, గ్యాస్, బొగ్గు, ఏసీల నుంచి కారిపోయే వాయువులు స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. ముడిసరుకు నుంచి రవాణా దాకా, అమ్మిన వస్తువు వాడకం దాకా బయట జరిగేదంతా స్కోప్ 3. దీనికి 2011లో ప్రత్యేక ప్రమాణం వచ్చింది, అందులో పదిహేను రకాలున్నాయి.

ఒక మెషిన్ షాపును ఊహించుకుందాం. ఏడాదికి 3 లక్షల యూనిట్ల కరెంటు, జనరేటర్‌కి 6,000 లీటర్ల డీజిల్, కొనే ఉక్కు 400 టన్నులు. అంకెలు ఊహించుకున్నవే అయినా నిష్పత్తులు అసలు విషయం చెబుతాయి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దేశ గ్రిడ్‌కి ఏటా ఒక సగటు ప్రకటిస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో అది యూనిట్‌కి 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ దరిదాపుల్లో ఉంది. 3 లక్షల యూనిట్లకి 216 టన్నులు. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోలు వస్తుంది కాబట్టి జనరేటర్ వాటా 16 టన్నులు. ఆఫీసు గదిలోనూ కొలతల గదిలోనూ ఉన్న ఏసీల్లోంచి ఏడాదిలో రెండు కిలోల ఆర్-410ఏ వాయువు కారిపోయిందనుకుంటే, దానికి కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 2,000 రెట్లు వేడెక్కించే శక్తి ఉంది గనక మరో 4 టన్నులు. మొత్తం 236. ఈ పని చేయడానికి పన్నెండు కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు, ఏసీ మెకానిక్ గ్యాస్ నింపిన చిట్టీలు ఉంటే చాలు. ఒక పూట పని.

ఇందులోనూ కాలు జారే చోటు ఒకటుంది. మన పరిశ్రమల హెచ్‌టీ బిల్లుల్లో ఎనర్జీ చార్జీ కేవీఏహెచ్ మీద పడుతుంది. కిలోవాట్ అవర్ల (యూనిట్ల) రీడింగు వేరే వరసలో ఉంటుంది. ఉద్గారాల గుణకం వర్తించేది రెండో దానికి. పవర్ ఫ్యాక్టర్ 0.9 ఉన్న షాపు పొరపాటున కేవీఏహెచ్ అంకె తీసుకుంటే 216 బదులు 240 టన్నులు వస్తాయి. ఆ తేడా డీజిల్ వాటా మొత్తం కంటే పెద్దది. మరుసటి ఏడాది కెపాసిటర్లు పెట్టి పవర్ ఫ్యాక్టర్ సరిచేసుకుంటే అదే తప్పు లెక్కలో ఉద్గారాలు బాగా తగ్గినట్టు కనిపిస్తాయి. బిల్లు తగ్గుతుంది, అది మంచిదే. లోపలి తీగల్లో పోయే నష్టం కొద్దిగా తగ్గడం తప్ప బొగ్గు వాడకంలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. సమీక్షించేవారు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఏ వరసలోంచి తీసుకున్నారు?

ఇక ఉక్కు. భారతదేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 400 టన్నులకి 1,000 టన్నులు. షెడ్డులో జరిగేదంతా కలిపినా 236, గేటు లోపలికి వచ్చిన లారీలోనే 1,000. ఈ ఒక్క నిష్పత్తి గుర్తుంటే చిన్న పరిశ్రమల వాతావరణ హామీల్లో సగం వాటిని తూచెయ్యవచ్చు. అల్యూమినియంతో పనిచేసే షాపులో ఈ అంతరం ఇంకా పెద్దది. మన దేశంలో ప్రాథమిక అల్యూమినియం ఎక్కువగా బొగ్గు కరెంటుతో తయారవుతుంది. తుక్కు కరిగించి చేసినదానికి అందులో సుమారు ఐదు శాతం శక్తే పడుతుంది.

పల్లెటూరి బట్టీ నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా

మెషిన్ షాపు లెక్కను అన్ని చోట్లా అతికించలేం. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ దేశంలోని చిన్న పరిశ్రమల సముదాయాలను అధ్యయనం చేసినప్పుడు తెలుగు నేల మీద నుంచి భీమవరం ఐసు ఫ్యాక్టరీలు, వరంగల్ బియ్యం మిల్లులు, ఉభయ గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ ఇటుకల యూనిట్లు ఆ జాబితాలో చేరాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఫారం అందరి చేతా నింపించడం ఎంత తప్పో తెలుస్తుంది.

భీమవరం ఐసు ఫ్యాక్టరీ చేపలకూ రొయ్యలకూ ఐసు దిమ్మెలు తయారు చేస్తుంది. అక్కడ వాడే శీతలీకరణ వాయువు అమ్మోనియా. భూమిని వేడెక్కించే విషయంలో దాని విలువ సున్నా. పీల్చినవారికి ప్రాణాంతకం కాబట్టి లీకేజీ మీద కన్నేసి ఉంచాల్సిందే గానీ కర్బన లెక్కలోకి అది రాదు. ముడిసరుకు నీళ్లు. అంటే ఆ యూనిట్ ఉద్గారాలు దాదాపు పూర్తిగా కరెంటు మీటరులోనే ఉన్నాయి. అక్కడ నికర సున్నా ప్రకటన కంటే ‘టన్ను ఐసుకి ఎన్ని యూనిట్లు’ అన్న ఒక్క అంకె, నెలనెలా, మూడేళ్ల పాటు ఉంటే చాలు. కంప్రెసర్ పాతదా, కండెన్సర్ గొట్టాలకు గార పట్టిందా, ఉప్పునీటి తొట్టి మూతలు సరిగ్గా ఉన్నాయా అన్నీ ఆ అంకెలో కనిపిస్తాయి. మే నెలతో డిసెంబరును పోల్చకూడదు, మేతో మేనే పోల్చాలి.

వరంగల్ మిల్లులో కథ వేరు. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం ఉడకబెట్టే బాయిలర్‌లో ఊక కాలుస్తారు. మొక్క ఆ ఏడాది గాలిలోంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలో కలుస్తుంది గనక, ప్రొటోకాల్ ప్రకారం ఆ కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్ 1లో కలపరు, విడిగా చూపిస్తారు. ఊక సరిగ్గా కాలకపోతే వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మాత్రం కలపాలి. ఈ నియమం చదివిన మిల్లరు ‘మాది కర్బన రహిత ఇంధనం’ అంటే అబద్ధం చెప్పినట్టు కాదు. అయితే ఆ మిల్లు తలుపు దగ్గరికి వచ్చిన ధాన్యం బస్తాలో నీరు నిలిచిన పొలం వదిలిన మీథేన్ బరువు ఉంది. వందేళ్ల కొలతలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27, 28 రెట్లు వేడెక్కిస్తుంది. పొలాన్ని ఆరుతడి పద్ధతిలో పండిస్తే ఆ మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందని వరి పరిశోధనలు ఏనాడో తేల్చాయి. మిల్లరు రైతుకు షరతులు పెట్టలేడు. ఆరుతడి ధాన్యాన్ని విడిగా కొని, విడిగా ఆడించి, ఆ మేరకు ధర ఇవ్వగలడు. అలాంటి హామీ ఇచ్చే మిల్లు నాకు కనిపిస్తే, బాయిలర్ గురించి రాసిన పది పేజీలను పక్కన పెట్టి ఆ ఒక్క పేరాకే మార్కులు వేస్తాను.

గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ యూనిట్లలో ఇటుకలు కాల్చే డౌన్ డ్రాఫ్ట్ బట్టీలు బొగ్గు తింటాయి. కాల్చిన ప్రతిసారీ ఇటుకలతో పాటు బట్టీ గోడలూ వేడెక్కాలి, తర్వాత ఆ వేడంతా వృథాగా చల్లారాలి. ఇక్కడ స్కోప్ 1 పెద్దది. బొగ్గు బరువు తెలిస్తే చాలదు, రకం కూడా తెలియాలి. కిలోకి 4,000 కిలో క్యాలరీల బొగ్గు టన్ను కాలితే సుమారు 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నాణ్యమైన దిగుమతి బొగ్గుకి ఇంకా ఎక్కువ. బిల్లు మీద ‘కోల్’ అని మాత్రమే ఉంటే లెక్క మూడో వంతు దాకా అటూ ఇటూ పోవచ్చు. ఈ యజమానులకు సోలార్ పలకల గురించి చెప్పడం కంటే ఒక బట్టీ చల్లారే వేడిని పక్క బట్టీలోకి మళ్లించే ఏర్పాటుకు అప్పు దొరికేలా చూడటం ఎన్నో రెట్లు మేలు.

గీత ఎక్కడ గీశారు

ఏది లోపల, ఏది బయట అని గీసే గీతలోనే ఎక్కువ మోసాలూ, అంతకంటే ఎక్కువ అమాయకపు తప్పులూ జరుగుతాయి.

మన ఇండస్ట్రియల్ ఏరియాల్లో జాబ్ వర్క్ ప్రాణవాయువు లాంటిది. టర్నింగ్ ఒకచోట, హీట్ ట్రీట్‌మెంట్ ఇంకోచోట, ప్లేటింగ్ మరోచోట. ఒక యూనిట్ తన ఫర్నేస్ తీసేసి ఆ పనిని పక్క వీధిలోని జాబ్ వర్కర్‌కి ఇస్తే స్కోప్ 1, 2 ఒక్కసారిగా పడిపోతాయి. గాలిలోకి వెళ్లేదాంట్లో గ్రాము కూడా తగ్గదు. ఆ యజమాని ఫర్నేస్‌ను కర్బన లెక్క కోసం తీసేసి ఉండకపోవచ్చు, స్థలం చాలక తీసేసి ఉంటాడు. లెక్క చదివేవారికి ఆ సంగతి తెలియాలి కదా. అందుకే బయటికి పంపిన పనులను స్కోప్ 3లో చూపించకుండా తగ్గింపు ప్రకటించిన నివేదికను అసంపూర్తిగానే లెక్కించాలి.

తగ్గింపును ఏ ఏడాదితో పోల్చాలో తేల్చే ఆధార సంవత్సరం ఎంపిక ఇంకో మలుపు. లాక్‌డౌన్‌తో కొన్ని నెలలు షట్టర్లు దించిన 2020-21ని ఆధారంగా తీసుకుంటే ఆ తర్వాత ప్రతి ఏడాదీ పాపం చేసినట్టే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. జనరేటర్ల మీద నడిచిన యూనిట్లకు ఆ ఏడాది డీజిల్ వాటా మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. దాన్ని ఆధారంగా పెట్టుకుంటే ఏ శ్రమా లేకుండా స్కోప్ 1 ‘తగ్గింపు’ దొరికిపోతుంది. రెండు మూడేళ్ల సగటు తీసుకోవడం చిన్న యూనిట్లకు న్యాయం.

గ్రిడ్ సగటు కూడా స్థిరంగా ఉండదు. జలవిద్యుత్తు బాగా వచ్చిన ఏడాది ఒకలా, ఎండలు మండి బొగ్గు కేంద్రాలు పూర్తిగా నడిచిన ఏడాది ఒకలా ఉంటుంది. కాబట్టి నివేదికలో టన్నులతో పాటు యూనిట్ల సంఖ్య కూడా ఇవ్వాలి. టన్నులు తగ్గి యూనిట్లు తగ్గకపోతే ఆ ఘనత గ్రిడ్‌ది. ఇదే కారణంతో విదేశీ పోటీదారుతో మన యూనిట్‌ను టన్నుల్లో పోల్చడం నాకు అన్యాయంగా తోస్తుంది. అణువిద్యుత్తు మీద నడిచే ఫ్రాన్స్‌లో యూనిట్‌కి వచ్చే కర్బనం మన దానిలో పదో వంతు కూడా ఉండదు. అదే లేత్, అదే నైపుణ్యం, అదే ముక్క. టన్నులు పదింతలు. పనితనాన్ని పోల్చదలిస్తే ముక్కకి ఎన్ని యూనిట్లు పట్టాయో చూడాలి.

రూపాయల లెక్క గురించి కూడా ఒక మాట. స్కోప్ 3 వివరాలు దొరకనప్పుడు, కొన్న సరుకు ఖరీదును ఒక గుణకంతో హెచ్చవేసి ఉద్గారాలు అంచనా వేస్తారు. మొదటి ఏడాది పెద్దవి ఏవో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. ఆపైన పనికిరాదు. ఉక్కు ధర పెరిగితే ఉద్గారాలు పెరిగినట్టు, బేరమాడి తగ్గిస్తే తగ్గినట్టు చూపించే లెక్క మీద ఎవరూ హామీ కట్టకూడదు. టన్నుల్లో కొన్న సరుకును టన్నుల్లోనే లెక్కపెట్టడం మన చిన్న యూనిట్లకు కష్టమేమీ కాదు, తూకం చీటీలు ఉంటాయి.

హామీని తూచడం

చిన్న సంస్థలు ఇచ్చే హామీల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, 2020లో మొదలైన ఎస్ఎంఈ క్లైమేట్ హబ్ తరహా ప్రతిజ్ఞ: 2030కి ముందే సగానికి తగ్గిస్తాం, 2050కి నికర సున్నాకి చేరతాం. రెండోది, 2015లో ఏర్పడిన సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ చిన్న సంస్థలకోసం పెట్టిన సులువు దారి. 2020 ఆధారంగా తీసుకుంటే 2030 నాటికి స్కోప్ 1, 2 ఉద్గారాలను 42 శాతం తగ్గించాలి. స్కోప్ 3కి అంకె అక్కర్లేదు, కొలిచి తగ్గిస్తామని ఒప్పుకుంటే చాలు.

మన ఊహా మెషిన్ షాపుకి ఈ రెండో దారి వర్తింపజేసి చూడండి. 236లో 42 శాతం అంటే 99 టన్నులు. తెలంగాణ ఎండలో 100 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఏడాదికి సుమారు 1.4 లక్షల యూనిట్లు ఇస్తుంది, అంటే 100 టన్నులు. ఒక్క ఇన్‌వాయిస్‌తో లక్ష్యం పూర్తి. అంతర్జాతీయంగా ఆమోదం పొందిన హామీ నెరవేరింది, 1,000 టన్నుల ఉక్కు అలాగే ఉంది. సోలార్ మంచిది కాదని నేను అనడం లేదు. యజమానికి డబ్బు మిగులుతుంది, గ్రిడ్‌లో బొగ్గు తగ్గుతుంది. ఆ హామీ ఆ సంస్థ కర్బన భారంలో ఐదో వంతును మాత్రమే ముట్టుకుందని తెలిసి మెచ్చుకోవాలి.

ఇప్పుడు ఇంకో లెక్క. 400 టన్నుల బార్ కొని 260 టన్నుల ముక్కలు పంపుతున్న షాపులో దిగుబడి 65 శాతం. మిగతాది టర్నింగ్స్, తెగ్గొట్టిన చివరలు, రిజెక్టులు. ఫినిష్ సైజుకి దగ్గరగా ఉండే బార్ కొనడం, పొడవులు ముందే లెక్కవేసి కోయడం, రిజెక్టులు తగ్గించడం ద్వారా దిగుబడిని 72 శాతానికి తెస్తే అవే 260 టన్నులకి 361 టన్నుల ఉక్కు చాలు. 39 టన్నులు మిగిలాయి, అంటే దాదాపు 97 టన్నుల కార్బన్ డయాక్సైడ్. 100 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఇచ్చే ఫలితానికి ఇంచుమించు సమానం. టర్నింగ్స్ మళ్లీ కరిగి ఉక్కు అవుతాయి కాబట్టి దేశం మొత్తం మీద ప్రయోజనం ఇంతకంటే తక్కువే ఉంటుందని ఒప్పుకోవాలి. అయినా ఈ పనికి కప్పు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు, ప్లానింగ్ చేసే సూపర్‌వైజర్ ఉంటే చాలు. ఇంత పెద్ద అవకాశానికి చాలా ప్రశ్నావళుల్లో గడే లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి తయారుచేస్తూ వచ్చిన టూల్ డిజైనర్ల చేతుల్లో ఉన్న విద్య ఇది. దాన్ని వాతావరణ పనిగా ఎవరూ గుర్తించడం లేదు.

పైగా సోలార్ అందరికీ అందదు. 100 కిలోవాట్లకు దాదాపు పదివేల చదరపు అడుగుల కప్పు కావాలి. అద్దె షెడ్డులో ఉన్నవాడికి ఓనరు ఒప్పుకోవాలి, ఆస్బెస్టాస్ రేకుల కప్పు ఆ బరువుకి పనికిరాదు. 2022 గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు అర్హత పరిమితిని 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించాయి గనక బయటి నుంచి కొనుక్కునే దారి కొంత తెరుచుకుంది. సోలార్ పెట్టినవారిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ కరెంటు తాలూకు పునరుత్పాదక సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉన్నాయా, అమ్మేశారా? అమ్మేస్తే ఆ శుభ్రత కొన్నవాడిది.

కంప్రెస్డ్ ఎయిర్ సంగతి పొట్టిగా చెప్తాను. నిర్వహణ సరిగ్గా లేని షాపుల్లో కంప్రెసర్ తోసే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. భోజన విరామంలో మెషిన్లన్నీ ఆగినప్పుడు కంప్రెసర్ ఎంతసేపు లోడ్ తీసుకుందో చూస్తే లీకు ఎంతో తెలుస్తుంది. ఈ పరీక్ష చేసి ఫలితం రాసుకున్న యజమాని హామీని నేను సులువుగా నమ్ముతాను.

ఆఫ్‌సెట్‌ల విషయంలో మాత్రం నాకు మెతకదనం లేదు. ఎక్కడో అడవిని కాపాడామన్న క్రెడిట్ కొని ‘కార్బన్ న్యూట్రల్’ అని ప్యాకింగ్ మీద వేసుకోవడం చిన్న సంస్థకు చవగ్గా అందే దారి. అదే ప్రమాదం. 2023 జనవరిలో గార్డియన్, డీ సైట్, సోర్స్‌మెటీరియల్ కలిసి చేసిన పరిశోధన వెర్రా సంస్థ ఆమోదించిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపును చూపడం లేదని బయటపెట్టింది. వెర్రా ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం ప్రకారం ఆఫ్‌సెట్‌ల ఆధారంగా వస్తువును కర్బన తటస్థమని చెప్పుకోవడం 2026 సెప్టెంబరు 27 నుంచి నిషిద్ధం. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా 2024 అక్టోబరులో పర్యావరణం పేరిట చేసే తప్పుదోవ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సొమ్ముతో రెండు పాత మోటార్లు మార్చుకోమని ఏ చిన్న యజమానికైనా చెప్తాను.

హామీ ప్రకటించడం వేరు, దాన్ని లెక్కలతో ఆమోదింపజేసుకోవడం వేరు అన్నది కూడా మరిచిపోకూడదు. సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ 2024 మార్చిలో, గడువులోగా లక్ష్యాలు సమర్పించని రెండు వందలకు పైగా సంస్థల హామీలను తొలగించినట్టు చూపింది. వాటిలో ప్రపంచ ప్రఖ్యాత కంపెనీలున్నాయి. సిబ్బంది, నిధులు దండిగా ఉన్నవారే తడబడిన చోట ముప్ఫై మంది షాపుని 2050 గురించి ప్రమాణం చేయమనడంలో న్యాయం లేదు.

ఒకే బోల్టుకి రెండు లెక్కలు

ఐరోపాకు ఎగుమతి చేసేవారి పరిస్థితి వేరు. ఆ సమాఖ్య సరిహద్దు కర్బన పన్ను 2023 అక్టోబరు 1న నివేదికలతో మొదలై, 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దాని పరిధిలో ఉన్నాయి. ఉక్కు జాబితాలో బోల్టులు, నట్లు, స్క్రూలు కూడా ఉన్నాయి. దిగుమతిదారు ఏడాదికి 50 టన్నుల లోపు తెచ్చుకుంటే మినహాయింపు ఉంది.

చిత్రమేమిటంటే ఈ పన్ను లెక్కలో ఉక్కు వస్తువులకు కరెంటు ఉద్గారాలను కలపరు. నేరుగా కాలిన ఇంధనం, కొన్న ఉక్కులో ఇమిడిన ఉద్గారాలు మాత్రమే కలుపుతారు. కరెంటుతో నడిచే బోల్టుల యూనిట్‌కి, ప్రొటోకాల్ లెక్కలో ప్రధానమైన స్కోప్ 2 ఇక్కడ మాయమవుతుంది. దాదాపు భారమంతా ఉక్కు మిల్లు నుంచి తెచ్చుకున్న వైర్ రాడ్‌లో ఉంటుంది. అంటే ఆ చిన్న తయారీదారుకి కావలసిన అత్యంత విలువైన పత్రం తన దగ్గర లేదు. అది ఉక్కు మిల్లు దగ్గర ఉంది. మిల్లు ఇవ్వకపోతే డిఫాల్ట్ విలువలు వేస్తారు, అవి సాధారణంగా ఎక్కువే. మన ఉక్కు శాఖ 2024 డిసెంబరులో గ్రీన్ స్టీల్‌కి నిర్వచనం ఇచ్చింది: టన్నుకి 2.2 టన్నుల లోపు ఉంటే గ్రీన్, 1.6 లోపుంటే ఐదు నక్షత్రాలు. హీట్ నంబరుతో పాటు ఈ అంకెను కూడా మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ మీద ముద్రించడం తప్పనిసరి చేస్తే చిన్నవారికి జరిగే మేలు ఏ శిక్షణ శిబిరంతోనూ జరగదు.

ఎవరు అడుగుతున్నారు, ఎవరు భరిస్తున్నారు

మన దేశంలో చిన్న పరిశ్రమల మీద ఉద్గారాల గురించి నేరుగా పెట్టిన చట్టపరమైన బాధ్యత దాదాపు లేదు. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం పెద్ద పరిశ్రమలది. సెబీ వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలను సుస్థిరత నివేదిక ఇమ్మంది. వాటి సరఫరాదారుల వివరాలను తప్పనిసరి చేయబోయి, తర్వాత స్వచ్ఛందానికి మార్చింది. కాబట్టి ఒత్తిడంతా కొనుగోలుదారు నుంచే వస్తోంది, ఒక్కో కంపెనీ ఒక్కో నమూనాలో. నలుగురు కస్టమర్లున్న షాపు ఒకే కరెంటు బిల్లును నాలుగు పోర్టళ్లలో నాలుగు రకాలుగా ఎక్కించాలి. ఐరోపా సంస్థ ఎఫ్రాగ్ 2024 డిసెంబరులో చిన్న సంస్థల కోసం ఒకే స్వచ్ఛంద నమూనా తయారుచేసింది. మన పెద్ద కంపెనీలు కూడా కలిసి ఒకే ఫారం ఒప్పుకోవడానికి అడ్డేముంది?

కొనుగోలుదారునీ సమీక్షించాలి. సరఫరాదారు ఉద్గారాలు తగ్గాలని అడిగే కంపెనీ మూడేళ్ల ఆర్డరు భరోసా ఇస్తోందా? కిలోకి రూపాయి తక్కువని పక్కవాడి దగ్గరికి వెళ్లిపోతోందా? డ్రాయింగులో టాలరెన్సు అవసరానికి మించి బిగించి రిజెక్టులు పెంచుతోందా? చెల్లింపు 45 రోజుల్లో చేస్తోందా? ఆరు నెలలు డబ్బు రాని యజమాని కొత్త కంప్రెసర్ కొనలేడు. చిన్న తయారీదారు హామీ నెరవేరడానికి ఈ నాలుగింటిలోనూ న్యాయం సోలార్ కంటే ముందు కావాలి.

అప్పు దొరికే దారులు కొంచెం మెరుగయ్యాయి. 2025 జులైలో కేంద్రం మొదలుపెట్టిన అడీటీ పథకం కింద శక్తి ఆదా చేసే యంత్రాలకు తీసుకున్న అప్పు మీద సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 5 శాతం, మధ్య తరహాకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. దానికి ముందూ వెనకా ఎనర్జీ ఆడిట్ జరుగుతుంది. ఆ ఆడిట్ నివేదికనే హామీకి ఆధారంగా వాడుకుంటే ఒకే ఖర్చుతో రెండు పనులవుతాయి, కొనుగోలుదారుకూ మూడో మనిషి చూసిన అంకె దొరుకుతుంది.

ఇంకొక పని డిస్కంలు చేయగలవు. ప్రతి పరిశ్రమ కనెక్షన్‌కి నెలనెలా రీడింగు వాటి దగ్గర ఉంది. మార్చి నెల బిల్లు మీద ఆ ఆర్థిక సంవత్సరంలో వాడిన మొత్తం కిలోవాట్ అవర్లు, సోలార్ ఉంటే గ్రిడ్‌లోకి పంపినవి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటించిన తాజా సగటు, ఈ మూడూ ఒక వరసలో ముద్రిస్తే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ప్రతి చిన్న యూనిట్‌కీ స్కోప్ 2 లెక్క ఇంటికే వస్తుంది. కన్సల్టెంటు అక్కర్లేదు, కేవీఏహెచ్ తికమక ఉండదు. ఆ అంకె మీద డిస్కం ముద్ర ఉంటుంది గనక కొనుగోలుదారు కాదనలేడు. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు, విద్యుత్ నియంత్రణ మండలి నుంచి ఒక ఆదేశం ఉంటే సరిపోతుంది.